ఒకటిన్నర దోశ

ఉగాది పొద్దున అపార్ట్‌మెంట్ వాళ్లందరికీ కలిపి టిఫిన్ చేయిద్దామనుకున్నాం. లెక్క రాసే పని నా మెడకి చుట్టుకుంది. ఎవరికేం కావాలో మనిషి మనిషికీ విడిగా గూగుల్ షీట్‌లో రాయమన్నాను. ఇంటికో గడి, గడికో కథ: "అమ్మకి ఇడ్లీ, నాకు మసాలా దోశ, పాపకి దోశ, ఆయనకి ఉల్లి మసాలా దోశ."

మొదట ఒక మాట ఎన్ని గడుల్లో ఉందో లెక్కపెట్టే కౌంట్‌ఇఫ్ ఫార్ములా వాడాను. ఒక గడిలో మూడు దోశలున్నా అది ఒకటే అంటుంది. దాంతో పాత చిట్కా పట్టుకున్నాను. లెన్ ఫార్ములాతో గడిలోని రాత పొడవు (ఎన్ని అక్షరాలో) తీసి, సబ్‌స్టిట్యూట్ ఫార్ములాతో "దోశ"ని చెరిపేసి మళ్లీ పొడవు చూడాలి. తేడాని "దోశ" పొడవుతో భాగిస్తే ఎన్నిసార్లు ఉందో తెలుస్తుంది. మన కంటికి దోశ రెండక్షరాలే. లెన్‌కి మాత్రం మూడు, ద మీది ఓత్వాన్ని అది వేరే లెక్కేస్తుంది. నేను 2తో భాగించేసరికి ఒకరింటికి ఒకటిన్నర దోశ వచ్చింది!

సరిచేశాక దోశ 97, మసాలా దోశ 41, ఉల్లి మసాలా దోశ 13. మొత్తం 151 అని వంటాయనకి ఫోన్ చేశాను.

"సార్, తినేవాళ్లే 131 మంది అన్నారు. ఇంక ఇడ్లీలు ఎవరికి?"

అప్పుడు వెలిగింది. మసాలా దోశలోనూ "దోశ" ఉంది కదా. ఒక్కో ఉల్లి మసాలా మూడేసిసార్లు లెక్కకెక్కింది. పోనీ 97లోంచి 41, 13 తీసేద్దామంటే సాదా దోశలు 43 అని తేలింది. అదీ తప్పే. ఆ 13 ఇదివరకే 41లో ఉన్నాయి.

చివరికి పొడవాటి పేరుతో మొదలుపెట్టాను. ముందు ఉల్లి మసాలా దోశ లెక్కించి, పక్క కాలమ్‌లో దాని చోట "@" పెట్టాను. అలా మారిన గడిలో మసాలా దోశ లెక్కించి, దాన్నీ మార్చాను. మిగిలినవి సాదా. "@" పెట్టకుండా ఆ చోటు ఖాళీగా వదిలేయొచ్చు కానీ, అటూ ఇటూ అక్షరాలు అతుక్కుని కొత్త మాట పుడుతుందేమోనని భయం.

13, 28, 56. కూడితే సరిగ్గా 97. కానీ "మసాలాదోశ" అని కలిపి రాసినవి రెండు సాదాలో పడ్డాయి. వాటిని కళ్లతో వెతికి సరిచేస్తే 13, 30, 54.

పొద్దున్నే ఫోన్‌లో మూడూ విడివిడిగా చదివాను. వంటాయన ఒక్క క్షణం ఆగి, "అయితే బంగాళాదుంప కూర 43 దోశలకి చెయ్యాలి" అన్నాడు. రాత్రంతా కూర్చుని నేను విడదీసింది ఆయన నోటి లెక్కతో మళ్లీ కలిపేశాడు.