కబ్బన్ పార్కులో పత్తి కబుర్లు

బద్ధకించకుండా ఈ ఆదివారం బెంగళూరు కబ్బన్ పార్కుకి వెళ్లడం మంచిదే అయింది. మెట్రోలో సీటు దొరికింది, మిగిలిన పేజీలు అక్కడే చదివేశాను.

పార్కులో కలిసి పుస్తకాలు చదివే మా తెలుగువాళ్ల గుంపు ఇప్పుడు చదువుతున్నది రెస్మా మెనకెమ్ రాసిన ‘మై గ్రాండ్‌మదర్స్ హ్యాండ్స్’ (2017). ఆయన మినియాపొలిస్‌లో థెరపిస్టు. జాతివివక్ష కొట్టిన దెబ్బ బుర్రలో కంటే ఒంట్లోనే ఎక్కువ ఉండిపోతుందని, పిల్లలకీ మనవలకీ దిగుతుందని అంటాడు. పుస్తకం మొదట్లోనే వాళ్ల అవ్వ చేతులు కనిపిస్తాయి. బొద్దు వేళ్లు, దళసరి అరచేతులు. పత్తి తీసేటప్పుడు కాయ మొనలు గీరుకుని మొదట్లో నెత్తురు కారేదట. పోనుపోను చర్మం మందమెక్కి, చెయ్యి పెట్టినా తెగడం మానేసిందట.

ఇంతవరకూ అందరం దంచి మాట్లాడాం. అమెరికా సంగతైతే మనకి ధైర్యం ఎక్కువే. అంటరానివాళ్ల స్థితికీ అక్కడి నల్లవాళ్ల స్థితికీ ఎంతో పోలిక ఉందని అంబేడ్కర్ 1946లో అమెరికా నల్లజాతి మేధావి డ్యుబాయిస్‌కి ఉత్తరం రాసిన సంగతి కూడా ఒకరు గుర్తు చేశారు.

అప్పుడు నంద్యాల అమ్మాయి మాట్లాడింది. హైస్కూల్లో ఉన్నప్పుడు విత్తన పత్తి చేలల్లో క్రాసింగ్ పనికి, అంటే సంకర విత్తనం కోసం చేత్తో పువ్వులు కలిపే పనికి, వెళ్లేదట. మధ్యాహ్నం మొగ్గలు ఒలిచి గుర్తు కట్టడం, మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి రుద్దడం. “గోళ్లు పోయేవి అక్కా. మందు కొట్టిన చేన్లోకే పంపేవాళ్లు. చేనుగలోళ్ల పిల్లోళ్లు ఒక్కరూ రారు. అందరం మా గేరి వాళ్లమే.” గేరి అంటే వాళ్ల కులం వాళ్లుండే వాడ.

“అది పేదరికం కదమ్మా, కులం దాకా ఎందుకు?” అన్నారు ఒక పెద్దాయన. ఎవరూ పలకలేదు. ఆయన మొహం ఎర్రబడింది, నీళ్లు తాగారు, “నేనలా అనలేదు” అన్నారు. చివరికి ఆ పిల్లే “పర్లేదులే సార్” అని సర్దిచెప్పింది. నాకు ఒళ్లు మండింది.

తర్వాత పుస్తకంలో చెప్పినట్టు కళ్లు మూసుకుని సన్నగా హమ్ చేశాం, ఊగాం. ఇది మా జేజికి ఎప్పుడో తెలుసని ఆ అమ్మాయి నవ్వింది. నిజమే, ఊపిరి కుదుటపడుతుంది. కానీ అందరికంటే హాయిగా ఊగింది ఆ పెద్దాయనే.

తెల్లవాళ్లు తమ కంగారు తామే సర్దుకోవాలి, ఓదార్చే పని నల్లవాళ్ల నెత్తిన పెట్టకూడదని మెనకెమ్ గట్టిగానే చెప్తాడు. వచ్చేవారం ఆ పేజీలు నేను చదువుతానని ఇంటికొచ్చి వాట్సాప్‌లో పెట్టాను. పెద్దాయన వెంటనే బొటనవేలు గుర్తు పెట్టారు. ఆ పేజీలు చూశారో లేదో మరి.