పాత సిస్టమ్‌ని ఇంకా పడెయ్యలేదు

సిస్టమ్ స్విచ్ నొక్కి, పాలు కాచుకుని, కాఫీ కలుపుకుని వచ్చి కూచున్నా సరే ఆ చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉండేవి. 2015లో కట్టించిన సిస్టమ్ అది, ఫోర్త్ జెనరేషన్ ఐ5 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, 8 జీబీ డీడీఆర్3 ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. దానికితోడు 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆపేశారు, పోనీ 11 ఎక్కిద్దామంటే ఇంటెల్‌లో ఎయిత్ జెనరేషన్ నించే అట, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కూడా ఉండాలట. సరే ఇక లాభం లేదని స్కూటీలో కాళ్ళ దగ్గర సీపీయూ పెట్టుకుని సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి పోయా.

ఒక షాపులో కుర్రాడు డబ్బా మూత కూడా విప్పకుండానే "ఇది అయిపోయింది సార్, మొత్తం మార్చేయండి" అని కొటేషన్ చేతిలో పెట్టాడు. ప్రాసెసర్ ఒక్కటే మారుద్దామంటే కొత్తది ఆ సాకెట్‌లో పట్టదు, బోర్డు మార్చాలి, బోర్డు మారిస్తే ఉన్న డీడీఆర్3 పనికిరాదు, ర్యామ్ రేట్లేమో ఏఐ డేటా సెంటర్ల పుణ్యమా అని మండిపోతున్నాయి... కౌపీన సంరక్షణార్థం కథే. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశా.

ఇంటికొచ్చి టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే డిస్క్ 100 శాతం, సీపీయూ పదిహేను కూడా దాటట్లేదు. అంటే ప్రాసెసర్ ఖాళీగానే ఉంది పాపం, హార్డ్ డిస్క్ కోసం ఎదురుచూస్తూ. ఇది నేను ముందే చూసుకోవాల్సింది!

అసలు సంగతి నాన్న. ఆయన డీటీపీ మనిషి, ఇరవయ్యేళ్ళ శుభలేఖలు, కరపత్రాలు అన్నీ పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో, అను అనే తెలుగు ఫాంట్లతో ఉన్నాయి. అవి ఎక్కడైనా తెలుగులాగే కనిపించే యూనికోడ్ కావు, ఆ ఫాంట్ లేకపోతే పెళ్ళికూతురి పేరు కాస్తా ఏవో పిచ్చి గుర్తులుగా కనిపిస్తుంది. "నాకు పేజ్‌మేకర్ తెరుచుకుంటే చాలురా, మిగతాది నీ ఇష్టం" అన్నారు. మళ్ళీ మొదట్నించీ అన్నీ ఎక్కించే ఓపిక నాకైతే లేదు.

అందుకే హార్డ్ డిస్క్ కంటే చాలా వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ (500 జీబీ, సాటా) ఒకటి కొని సీ డ్రైవ్‌ని ఉన్నదున్నట్టు క్లోన్ చేశా, ఇంకో 8 జీబీ ర్యామ్ సెకండ్ హ్యాండ్‌లో పట్టా, ఈ బోర్డుకి 16 కంటే ఎక్కవు. ర్యామ్ పెట్టగానే డిస్‌ప్లే లేదు, బీప్ బీప్ అని ఒకటే గోల, గుండె జారింది. తీసి, మా అమ్మాయి పెన్సిల్ రబ్బరుతో ఆ బంగారు రంగు కాళ్ళని రుద్ది మళ్ళీ గట్టిగా నొక్కితే ఆన్ అయింది. సీపీయూ ఫ్యాన్ కింద దుమ్ము అట్టలా పేరుకుపోయి ఉంది, అదీ దులిపి ప్రాసెసర్ వేడిని ఫ్యాన్ వైపు లాగే పేస్ట్ కొత్తగా రాశా. ఇప్పుడు ఇరవై సెకన్లలో డెస్క్‌టాప్ వచ్చేస్తోంది.

సెక్యూరిటీ అప్‌డేట్లు రావు కాబట్టి ఇంటర్నెట్ వచ్చే లాన్ వైరు పీకేశా, ఫైళ్ళన్నీ పెన్ డ్రైవ్‌లోనే, నెట్ బ్యాంకింగ్ నా ల్యాప్‌టాప్‌లో. కొటేషన్ కాగితం ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది, బోర్డు పోయిన రోజు చూద్దాం. నాన్న మాత్రం నిన్నట్నించీ యూట్యూబ్ ఎందుకు రావట్లేదని అడుగుతున్నారు.