జారిపోయిన చెప్పు

2022 డిసెంబరులో క్రిస్మస్ బట్టలకని నరసాపురం బజారుకెళ్లాం. కొట్టు మెట్లెక్కుతుంటే వెనకనుంచి మా అమ్మాయి "అమ్మా, నీ ఎడమ చెప్పేదే?" అంది. చూసుకుంటే లేదు. పదడుగుల అవతల రోడ్డు మీద పడుంది. వట్టికాలితో అంతదూరం నడిచొచ్చాను, కాలికి తెలియలేదు.

అప్పటికి ఆరు నెలలుగా వీపు మధ్యలో నొప్పి. లేసు అల్లేవాళ్లకి అదేం కొత్త కాదు, పొద్దస్తమానం మెడ వంచుకుని కూర్చునే పని. ఒక డాక్టరుగారు కండరం పట్టిందన్నారు, ఇంకొకరు కాల్షియం తక్కువన్నారు. మాత్ర వేసుకుంటే రెండ్రోజులు బాగుండేది. సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడడం, రాత్రి పక్క మీద అటు నుంచి ఇటు తిరగలేకపోవడం, 58 కిలోలదాన్ని 46కి దిగిపోవడం, ఈ మూడూ కలిపి ఎవరూ చూడలేదు. నేనూ చెప్పలేదు లెండి. అడిగితేగా!

ఎమ్మారై తీస్తే రెండు వెన్నుపూసలు తినేసినట్టు ఉన్నాయి. చుట్టూ చీము చేరి వెన్నుపామును నొక్కుతోందట. సూదితో ముక్క తీసి పరీక్షకి పంపితే టీబీ అని వచ్చింది. "దగ్గే లేదు కదండీ" అన్నారు మా ఆయన. ఊపిరితిత్తులు శుభ్రంగానే ఉన్నాయి. టీబీ ఎముకలకీ వస్తుందని, అందులోనూ వెన్నెముకకే ఎక్కువని అప్పుడే విన్నాం. ముందు మందులతో చూద్దాం, కాళ్లు ఇంకా పడిపోతే ఆపరేషన్ తప్పదు అన్నారు.

పరగడుపున మూడు మాత్రలు ఒకేసారి, ఆ మందుల వల్ల నరాలు దెబ్బతినకుండా విటమిన్ బి6, లేచి కూర్చోవాలంటే వీపుకి బెల్టు. మూత్రం నారింజ రంగులో వస్తుందని ఆశా వర్కర్ ముందే చెప్పింది. "కన్నీళ్లు కూడా రంగు మారొచ్చు వదినా, కంగారు పడకు" అంది. తెల్ల తువ్వాలు అంచుతో కళ్లు తుడుచుకుని చూసుకునేదాన్ని. ఆ రోజుల్లో చూసుకోడానికి కన్నీళ్లకేం కరువు లేదు.

మాది పాత క్రైస్తవ సహవాసం. 1836లో వచ్చిన మిషనరీల నాటిది. ఒకరికి బాగాలేదంటే అందరూ వస్తారు. వచ్చి ప్రార్థన చేసి వెళ్లినవాళ్లకి ఇప్పటికీ రుణపడి ఉన్నాను. కానీ పొరుగూరి నుంచి వచ్చిన ఒకాయన "దాచిన పాపమేదైనా ఉంటే ఒప్పుకోమ్మా" అన్నారు. ఇంకొకావిడ అల్మారాలో మాత్రలు చూసి "విశ్వాసం ఉంటే ఇవన్నీ ఎందుకు?" అంది.

లేసులో ఒక ముడి తప్పితే, ఎక్కడ తప్పిందో దొరికేదాకా దారం వెనక్కి విప్పుకుంటూ పోతాం. రెండు రాత్రులు నా బతుకుని అలాగే విప్పుకుంటూ కూర్చున్నాను. అత్తయ్యతో ఆడిన మాటలు, తోడికోడలి మీద కుళ్లు, చిన్నప్పుడు చెప్పిన అబద్ధాలు, అన్నీ దొరికాయి. తప్పిన ముళ్లు చాలానే. కాలు పడిపోయేంత పెద్దది మాత్రం దొరకలేదు. పొద్దున్నే లేచి ఆ మూడు మాత్రలూ మింగేశాను.

పక్కింటి మామ్మ ఒక్కతే ఏమీ అనలేదు. రోజూ వచ్చి మంచం పక్కన ముక్కాలి పీట వేసుకుని లేసు అల్లుకునేది. బైబిల్లో కష్టాలపాలైన యోబు స్నేహితులు కూడా నోరు తెరవకుండా కూర్చున్న ఆ మొదటి ఏడు రోజులే మంచివాళ్లు, తర్వాతే పాడుచేశారు అనేది. ఒకరోజు, ఏదైనా చదువు మామ్మా అంటే, 88వ కీర్తన తీసింది. రాత్రింబగళ్లు మొరపెట్టినా జవాబు రాని మనిషిది. చీకటి దగ్గర ఆగిపోతుంది.

"తర్వాత?" అన్నాను.

"అంతే. అయిపోయింది."

"ఇదేం ప్రార్థన మామ్మా, నమ్మకం ఏదీ ఇందులో?"

కళ్లజోడు తీసి నావైపు చూసింది. "మరి ఎవరితో చెప్పుకున్నాడే?"

ఆ రోజునుంచి నేనూ దాచకుండా అడగడం మొదలుపెట్టాను. ఎందుకిలా చేశావు, నా పిల్లదాని జడ ఎవరు వేస్తారు, ఇంకెన్నాళ్లు అని. కేకలేసిన రోజులూ ఉన్నాయి. జవాబు రాలేదు. ఉన్నట్టుండి ఏ వెలుగూ కనబడలేదు. కానీ అడుగుతున్నంతసేపూ ఎదురుగా ఎవరూ లేరని మాత్రం అనిపించలేదు. దీన్ని ఇంతకంటే బాగా చెప్పడం నాకు రాదు.

నాలుగో నెలలో ఎడమ పాదానికి చల్లటి గచ్చు తెలిసింది. మందులు 18 నెలలు వాడాను. తిండికని ప్రభుత్వం బ్యాంకులో వేసిన నెలకి 500 రూపాయలు కోడిగుడ్లకే సరిపోయేవి. 2024 జూలైలో ఆపేయమన్నారు.

స్త్రీల కూడికలో సాక్ష్యం చెప్పమన్నారు. చాపల మీద కూర్చోలేను కాబట్టి ప్లాస్టిక్ కుర్చీలోంచే మాట్లాడాను. దేవుడు బాగు చేశాడు, మందులతో చేశాడు, ఎందుకు రానిచ్చాడో నాకు తెలియదు అన్నాను. అల్మారాలో మాత్రలు చూసినావిడ అక్కడే ఉంది. చివర్లో "అయినా ఏదో ఉద్దేశం ఉండే ఉంటుందిగా" అంది. ఉంటే ఉండొచ్చు అన్నాను.

ఎడమకాలి చివరి రెండు వేళ్లకి ఇంకా సరిగ్గా తెలియదు. అందుకే మడమకి పట్టీ ఉన్న చెప్పులే కొంటున్నాను. సాయంత్రం వీపు కాస్త లాగిందంటే చెయ్యి దానంతటదే నుదుటి మీదకి పోతుంది.