పద్నాలుగో అధ్యాయంతో ప్రళయకావేరికి

రాస్తున్న నవలలో పద్నాలుగో అధ్యాయం ఎంతకీ కుదరకపోవడంతో, ఆ ఇరవై పేజీలనూ సంచిలో పెట్టుకుని జనవరిలో ఒక తెల్లవారుజామున సూళ్లూరుపేటలో రైలు దిగాను. నవల జరిగే కాలం 1980. శ్రీహరికోట నుంచి ఎస్ఎల్‌వీ-3 రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని మోసుకుపోయిన జూలైకి కొన్ని నెలల ముందు, అక్కడ పనిచేసే ఒక చిరుద్యోగి పులికాట్ సరస్సు ఒడ్డున ఫ్లెమింగో గూట్లో పిల్లను చూసి, సొంతూళ్లో వదిలి వచ్చిన కూతురు గుర్తుకొచ్చి, ఉద్యోగం మానెయ్యాలని నిశ్చయించుకుంటాడు. ఈ ఘట్టమంతా నేను ఇంట్లో కూర్చుని, రెండు ఫొటోలు ముందు పెట్టుకుని రాశాను. వాక్యాలకు వంక పెట్టడానికి లేదు గానీ, చదువుతుంటే ఎక్కడా నమ్మకం కలగదు.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే దారి సరస్సు మధ్యగానే సాగుతుంది. ఈ ప్రాంతంవాళ్ల నోట దీని పేరు ప్రళయకావేరి. చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు అని చదివిన ఉత్సాహంలో నేను దీనికి అగాధమైన నీలి జలాలను ప్రసాదించి ఉన్నాను. అటకానితిప్ప దగ్గర ఆటో దిగి చూస్తే, గట్టుకు చాలా దూరాన ఒక మనిషి మోకాలి లోతు నీళ్లలో వల లాక్కుంటూ తీరిగ్గా నడిచిపోతున్నాడు. నీళ్లు బూడిద రంగులో ఉన్నాయి. అవి ఇంకిపోయిన అంచుల్లో బురద మీద తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. 'అగాధ' అన్న మాటను అక్కడే నిలబడి కొట్టేశాను. ఆ వల లాగే మనిషి అదే నడకతో నా అధ్యాయంలోకి వచ్చేశాడు.

ఫ్లెమింగోలను గంటసేపు చూశాను. నా రాతప్రతిలో అవి ఒంటికాలి మీద ధ్యానముద్రలో ఉన్నాయి. ఇక్కడివాటికి అంత తీరిక లేదు. కాళ్లతో బురదను తొక్కి కలుపుతూ, తలను తలకిందులుగా నీళ్లలో ముంచి, ముక్కు అంచులకున్న సన్నని జల్లెడతో నాచునూ పురుగునూ వడకట్టుకుంటూ, వంగిన మెడ ఎత్తకుండా ముందుకు జరుగుతున్నాయి. వాటి గులాబి రంగు కూడా ఆ తిండిలోంచి వచ్చినదే. గుంపులో కొన్ని మాసిన బూడిద రంగులో ఉన్నాయి. ఇంకా రంగెక్కని పడుచు పక్షులవి. గూళ్లు ఎక్కడున్నాయని పక్కనే పడవ కడుతున్నాయనను అడిగాను.

"ఇక్కడ గుడ్లు పెట్టవు సార్. తినేదానికే వస్తాయి. తినేసి పోతాయి."

నిజమే. అవి బురదను గుట్టగా చేసి, దాని మీద ఒకే ఒక్క గుడ్డు పెట్టేది దూరాన గుజరాత్‌లోని కచ్ రణ్‌లో. 1945లో పక్షిశాస్త్రవేత్త సలీం అలీ అక్కడి గూళ్లను పరిశీలించి రాసిన సంగతి ఏనాడో చదివి కూడా, కలం పట్టుకున్నప్పుడు మరిచిపోయాను. అధ్యాయానికి ఆధారమైన గూడే ఇక్కడ లేదు. ముందు కంగారుపడ్డాను, ఆ వెంటనే ఒక పోలిక తట్టింది. తిండి ఒకచోట, పిల్లలు ఒకచోట. మా ఉద్యోగి బతుకూ అంతే కదా! ఆటోలో కూర్చుని ఆ పోలికను రెండు పేరాలు రాసి, దొరవారిసత్రం చేరేలోపే కొట్టేశాను. అది మరీ సులువుగా అమరింది, పైగా ఆ మనిషికి ఆ క్షణంలో అది తట్టదు. తట్టింది నాకు.

గూడు కావాలంటే నేలపట్టుకు పోవాలి. 1976లో అభయారణ్యమైన ఈ చెరువులో, ఈశాన్య రుతుపవనాల వానకు నీళ్లు నిండాక, మొదళ్లు మునిగిన కడప చెట్ల మీద గూడబాతులు, అంటే పెలికాన్లు, పుల్లలతో గూళ్లు కడతాయి. చేపలు పట్టుకొచ్చేది మాత్రం ఎక్కువగా పులికాట్ నుంచే. ఈ పక్షి పేరు నాకు చాలా ఇష్టం. గూడ అంటే పల్లంలోని నీటిని పొలంలోకి తోడిపోసే బుట్ట. ముక్కు కింది సంచితో ఈ పక్షి నీళ్లను చేపలతో సహా తోడే తీరు చూసి రైతులెవరో పెట్టి ఉంటారు. అంత పనిచేసే పేరు నేను ఒక్క పాత్రకైనా పెట్టలేదు.

పరిశీలనా గోపురం మెట్లెక్కుతుండగానే వాసన తగిలింది. రెట్ట, కుళ్లిన చేప, తడి ఆకు కలిసిన ఆ వాసన ఏ ఫొటోలోనూ ఉండదు. రెట్ట కలిసిన ఈ చెరువునీరే పొలాలకు ఎరువని, పక్షులు రాని ఏడు తమకూ బాగుండదని అక్కడి కాపలాదారు చెప్పాడు. పెద్ద పక్షులు దాదాపు మూగవి, గోలంతా పిల్లలదే. ఒక పిల్ల తల్లి ముక్కుసంచిలోకి మెడదాకా దూరి, చేప కోసం తల్లిని ఊపేస్తోంది. అందులో నేను రాసుకున్న వాత్సల్యం ఎంత వెతికినా కనబడలేదు. కనబడిందల్లా ఆకలి, దాన్ని కదలకుండా ఓర్చుకుంటున్న ఒక పెద్ద పక్షి.

గోపురం మీదే కూర్చుని అధ్యాయం మళ్లీ మొదలుపెట్టాను. మా ఉద్యోగి ఇప్పుడు సరస్సు ఒడ్డున కాక ఈ చెరువు గట్టున నిలబడ్డాడు. అతడు ఉద్యోగం మానేస్తాడో లేదో సాయంత్రం రైలెక్కేసరికి కూడా నాకు తేలలేదు. జేబులోంచి రుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకోవడం వరకే రాయగలిగాను.