నిలబడి పట్టుకున్న బంతికి జీరో స్టెప్ లేదు

మొన్న ఆదివారం సికింద్రాబాద్‌లో అండర్-14 అబ్బాయిల బాస్కెట్‌బాల్ మ్యాచ్‌కి రెఫరీగా వెళ్లాను. ఏడో నంబర్ అబ్బాయి మీద హాఫ్ టైమ్‌లోపే నాలుగుసార్లు ట్రావెలింగ్ (బంతి పట్టుకుని రూల్ దాటి అడుగులు వేయడం) ఇచ్చాను. నాలుగోసారి నేను పిడికిళ్లు తిప్పి సిగ్నల్ చూపిస్తుంటే, వాడు కళ్లనీళ్లు ఆపుకుంటూ “మేడమ్, అది జీరో స్టెప్ కదా!” అన్నాడు.

రూల్ పేరు తెలిసిన పిల్లాడు. పైగా మంచి ఆటగాడు. ఎక్కడ పొరబడ్డాడో వాడికి ఎవరూ చెప్పినట్టు లేరు.

2017లో ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) ట్రావెలింగ్ రూల్ మార్చింది. కదులుతూ బంతి అందుకున్నా, డ్రిబుల్ (బంతిని నేలకు కొడుతూ కదలడం) ముగించి చేతుల్లోకి తీసుకున్నా, ఆ క్షణంలో నేల మీదున్న పాదం లెక్కలోకి రాదు. అదే జీరో. ఆ తర్వాత రెండు అడుగులు వేసి పాస్ ఇవ్వచ్చు, షాట్ కొట్టచ్చు. పరుగులో పట్టుకుని డ్రిబుల్ మొదలుపెట్టాలంటే మాత్రం రెండో అడుగు పడేలోపు బంతి చేయి దాటాలి.

కానీ మా ఏడో నంబర్ కదులుతూ పట్టుకోవడం లేదు. త్రీ పాయింట్ లైన్ దగ్గర నిలబడి పాస్ అందుకుంటున్నాడు. అలా పట్టుకున్నాక ఒక పాదం ఎత్తితే రెండోది పివట్ (నేల మీద ఇరుసులా నిలిచే పాదం) అయిపోతుంది. డ్రిబుల్ మొదలుపెట్టాలంటే పివట్ పాదం లేవకముందే బంతి చేయి వదలాలి. వాడు కుడికాలు పెద్దగా ముందుకు వేసి, ఎడమకాలు కూడా లేపేసి, అప్పుడు బంతి కొడుతున్నాడు. ఇది 2017కు ముందూ తప్పే, ఇప్పుడూ తప్పే.

1891లో ఈ ఆటను కనిపెట్టిన నైస్మిత్ రాసిన పదమూడు రూల్స్‌లోనే ఈ తేడా ఉంది. బంతితో పరిగెత్తకూడదు, పట్టుకున్న చోటి నుంచే విసరాలి. వేగంగా పరుగెడుతూ పట్టుకుని ఆగడానికి ప్రయత్నించేవాడికి మాత్రం కొంత వెసులుబాటు ఇవ్వాలి. ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందో. వెసులుబాటు అప్పుడూ ఇప్పుడూ కదిలేవాడికే.

అందుకే నేను చూసే పద్ధతి కూడా రెండు రకాలు. ఆటగాడు నిలబడి పట్టుకుంటే ముందు పాదాలు చూస్తాను, పివట్ ఏదో తేల్చుకుంటాను. కదులుతుంటే ముందు చేతులు చూస్తాను. బంతి ఎప్పుడు చేతిలో కుదురుకుందో తెలియకుండా అడుగులు లెక్కపెడితే ఆ లెక్కకు అర్థం లేదు. మొదటి రెండేళ్లు నేను పాదాలే చూసి, యూరో స్టెప్ (ఒక అడుగు ఒక పక్కకు, రెండోది ఇంకో పక్కకు వేసి డిఫెండర్‌ని తప్పించుకోవడం) వేసిన పిల్లలకు అన్యాయంగా విజిల్ ఊదాను. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

బయట కూర్చున్నవాళ్లు “స్టెప్స్! స్టెప్స్!” అని అరిచేది ఎక్కువగా లేఅప్ (బాస్కెట్ దగ్గరికి పరుగెత్తి వేసే షాట్) దగ్గరే. అక్కడ చాలాసార్లు ఏ తప్పూ ఉండదు. బంతితో జారిపడినా అరుస్తారు. ఊపులో జారడం తప్పు కాదు, బంతి పట్టుకునే లేవబోతే తప్పు. అసలు ట్రావెలింగ్ మాత్రం ఆ ఏడో నంబర్ దగ్గరలాగా డ్రైవ్ (బంతితో బాస్కెట్ వైపు దూసుకెళ్లడం) మొదట్లో, అరక్షణంలో జరిగిపోతుంది. దాన్ని ఎవరూ గమనించరు. మనమూ వదిలేస్తే ఎదురుగా సరిగ్గా నిలబడ్డ డిఫెండర్‌కి ఒక అడుగు నష్టం. ఆ డిఫెండర్ కూడా చిన్నపిల్లాడే.

“పిల్లలు కదా మేడమ్, చూసీ చూడనట్టు వదిలేయండి” అని కోచ్ హాఫ్ టైమ్‌లో అన్నారు. నేను ఒప్పుకోలేదు. పద్నాలుగేళ్లకు కాలికి అలవాటైంది ఇరవై ఏళ్లకు మారడం ఎంత కష్టమో హైదరాబాద్ విక్టరీ ప్లేగ్రౌండ్‌లో ఆడే రోజుల్లో నేనే చూశాను.

మ్యాచ్ అయ్యాక వాణ్ని పిలిచాను. “చూడు నాన్నా, ఎడమ పాదం నేలకు అతుక్కుందనుకో. బంతి చేయి వదిలాకే అది ఊడుతుంది” అని చేసి చూపించాను. మూడుసార్లు పాత పద్ధతే వచ్చింది. నాలుగోసారి బంతి ముందు వెళ్లింది, కాలు తర్వాత లేచింది. వాడికే తెలిసిపోయింది, నా వైపు చూశాడు. “ఇంకోసారి చేస్తా మేడమ్, చూడండి” అని బంతి నాకిచ్చి, పాస్ కోసం చేతులు చాపి నిలబడ్డాడు.