పుస్తకాల షాపులో కథ చదివి వినిపించడం: నా అనుభవం

నా మొదటి కథల సంపుటి అచ్చయి ఇంటికి వచ్చిన నాటి నుంచీ సభ ఎప్పుడని మిత్రులు అడుగుతూనే ఉన్నారు. విశాఖపట్నంలో పుస్తకావిష్కరణ అంటే చాలామందికి ముందుగా ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయం గుర్తుకు వస్తుంది. కాస్త ఎక్కువ ఖర్చు పెట్టగలవారు కళాభారతి ఆడిటోరియం గురించి ఆలోచిస్తారు. అధ్యక్షులు, ఆవిష్కర్త, ముఖ్య అతిథి, ఇద్దరు ముగ్గురు వక్తలు, శాలువాలు, జ్ఞాపికలు, వందన సమర్పణ, ఇదీ వరుస. అటువంటి సభలకు శ్రోతగా ఎన్నో ఏళ్లుగా వెళ్తున్నాను, సాహిత్యం గురించి నాకు తెలిసినదాంట్లో చాలా భాగం అక్కడి పెద్దల దగ్గర విన్నదే. అయితే రెండు గంటల సభలో ఆ పుస్తకంలోని ఒక్క పేరా కూడా ఎవరూ చదవకుండానే అందరూ లేచి వెళ్లిపోవడం కూడా అక్కడే చూశాను. నా కథల్లోని మనుషులు ఉత్తరాంధ్ర యాసలో మాట్లాడతారు. ఆ మాటల్ని మరొకరు మెచ్చుకుంటే వినడం కన్నా ఆ మాటలే నలుగురి చెవిన పడడం నాకు ముఖ్యమనిపించింది. అందుకే హాలు కాకుండా, ద్వారకానగర్‌కు దగ్గరలో ఒక పెద్దాయన సొంతంగా నడుపుకొస్తున్న చిన్న పుస్తకాల షాపులో కథ చదవాలని నిర్ణయించుకున్నాను.

ఆయన్ని అందరూ మాస్టారు అనే పిలుస్తారు. షాపులో జనం పలచగా ఉండే మధ్యాహ్నం పూట వెళ్లి, పుస్తకం చేతికిచ్చి, "మాస్టారూ, ముందు ఇది చదవండి. మీకు నచ్చితేనే మిగతా సంగతి మాట్లాడుకుందాం" అన్నాను. వారం గడిచాక ఆయనే ఫోన్ చేశారు. "రెండో కథ చాలా బాగుంది మేడం. నాలుగోది నాకు ఎక్కలేదు. అయినా సరే, రండి, కూర్చుని మాట్లాడదాం" అన్నారు. ఆ మాట విన్నాక నాకు ధైర్యం వచ్చింది. షాపు నడిపే మనిషి చదవని పుస్తకానికి ఆ షాపులో కార్యక్రమం పెట్టడం వల్ల ఒరిగేది పెద్దగా ఉండదు. క్రమం తప్పకుండా వచ్చే పాఠకుడికి బిల్లు రాసి ఇస్తూ "వచ్చే శనివారం సాయంత్రం రండి, ఈవిడ కథ చదువుతారు" అని ఆయన చెప్పే ఒక్క మాట అచ్చువేసిన ఆహ్వాన పత్రిక కన్నా ఎక్కువ పనిచేస్తుంది. ఆయన చెప్పే మాటకు విలువ రావాలంటే ఆయన నిజంగా చదివి ఉండాలి కదా.

తరువాత లెక్కల సంగతి. కొత్త రచయితలు ఈ భాగాన్ని మొహమాటంతో దాటవేస్తుంటారు, అలా దాటవేయకూడదు. హాలుకు అద్దె ఇచ్చినట్టు షాపుకు అద్దె ఇవ్వనక్కరలేదు గాని, అమ్మిన ప్రతి కాపీ మీదా షాపుకు కమీషన్ ఉంటుంది. మా ఒప్పందంలో అది 35 శాతం. కాపీలు ముందుగా చలాన్ మీద ఇవ్వాలి, అమ్ముడుపోనివి వెనక్కి తీసుకోవాలి, డబ్బు నెలాఖరున లెక్క చూసుకుని ఇస్తారు, టీ, బిస్కెట్లు, కుర్చీల అద్దె నా ఖర్చు. ముద్రిత పుస్తకాలకు జీఎస్టీ లేదు కనుక బిల్లింగులో ఆ చిక్కు లేదు. పుస్తకానికి ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాన్ని గుర్తుపట్టే సంఖ్య, ముందే తీసుకుని ఉండడం ఇక్కడ ఎంతో ఉపయోగపడింది. ఢిల్లీలోని రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఆ 13 అంకెల సంఖ్యను ఉచితంగానే ఇస్తుంది, దాన్ని బార్‌కోడుగా వెనక అట్ట మీద వేయించడం వల్ల షాపు కంప్యూటర్‌లో పుస్తకాన్ని ఎక్కించడం తేలికైంది. 1954 నాటి చట్టం ప్రకారం కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయం మొదలైన వాటికి పంపవలసిన ప్రతులను, శ్రీకాకుళంలో 1997లో కాళీపట్నం రామారావు మాస్టారు నెలకొల్పిన కథల గ్రంథాలయం కథానిలయానికి ఇవ్వదలచిన ప్రతులను ముందే విడిగా తీసి, మిగిలిన వాటిలో నుంచే షాపుకు ఇచ్చాను. ఈ షరతులన్నీ ఒక తెల్లకాగితం మీద రాసుకుని ఇద్దరం సంతకాలు పెట్టాం. స్నేహం చెడకుండా ఉండడానికి ఆ కాగితం చాలా అవసరం.

ఈ ఊళ్లో తేదీ కుదరడానికి కొన్ని సంగతులు కలిసి రావాలి. మార్గశిర మాసంలో గురువారాలు బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి ఊరంతా కదులుతుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో తుఫాను భయం ఉంటుంది, 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తరువాత ఆ నెలలో ఏ కార్యక్రమం పెట్టుకున్నా మనసులో ఒక మూల ఆ శంక తప్పదు. గాజువాక, కూర్మన్నపాలెం వైపు నుంచి వచ్చే స్టీల్‌ప్లాంట్ ఉద్యోగుల్లో మంచి పాఠకులు ఉన్నారు, వారు డ్యూటీ దిగి, ఇంటికి వెళ్లి, మళ్లీ బస్సెక్కి రావాలి, తిరిగి వేళకు ఇల్లు చేరాలి. అన్నీ చూసుకుని డిసెంబరులో ఒక శనివారం, సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర వరకు అని నిర్ణయించాం. ఏడున్నర అంటే ఏడున్నరకే ముగిస్తామని ఆహ్వానంలోనే రాశాం.

అధ్యక్షులు లేని కార్యక్రమం ఏమిటని కొందరు నొచ్చుకున్నారు. నాకు కథ రాయడం నేర్పిన పెద్దాయన ఒకరు ఉన్నారు, వేదిక మీద ఆయనకు కుర్చీ వేయకపోవడం అమర్యాద అని నా మిత్రులు అన్నారు. ఆయన ఇంటికి స్వయంగా వెళ్లి, అసలు వేదికే ఉండదని, నేను చదువుతానని, మా కాలేజీలో తెలుగు చెప్పే లెక్చరరు ఒకరు నాతో మాట్లాడతారని, ఆ తరువాత మొదటి ప్రశ్న మీరే అడగాలని కోరాను. ఆయన కాసేపు ఆలోచించి, "ప్రశ్న అడగాలంటే పుస్తకం మళ్లీ చదవాలమ్మా, ఇంకో కాపీ ఉంటే ఇయ్యి" అన్నారు. నా దృష్టిలో ఒక రచయితకు అంతకన్నా పెద్ద సత్కారం లేదు.

ఇక అసలు పని, ఏది చదవాలో ఎంచుకోవడం. నేను ఎక్కువ కాలం వెచ్చించింది దీని మీదే. మొత్తం కథ చదివితే విన్నవాళ్లకు కొనుక్కుని చదవాలన్న కోరిక మిగలదు, ముగింపు చదివితే రాబోయే పాఠకుడికి అన్యాయం చేసినట్టు. ఎక్కువ పాత్రలున్న భాగం చెవికి అందదు, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలియక శ్రోత వెనకబడిపోతాడు. ముందు కథంతా చెబితే తప్ప అర్థం కాని భాగం అసలే పనికిరాదు. చివరికి ఫిషింగ్ హార్బర్‌లో వేలం పాటలో చేపలు కొని, గంప నెత్తిన పెట్టుకుని మర్రిపాలెం వీధుల్లో అమ్ముకునే ఒక తల్లి కథ నుంచి రెండు భాగాలు తీసుకున్నాను. అది వేట నిషేధం రోజుల్లో జరిగే కథ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలోకి మర పడవలు వెళ్లవని, ఆ 61 రోజులు జాలరి ఇళ్లల్లో ఎలా గడుస్తాయో విశాఖ శ్రోతలకు వివరించనక్కరలేదు. ఒక్క వాక్యం చెప్పి నేరుగా కథలోకి వెళ్లవచ్చు.

పుస్తకం చేత్తో పట్టుకుని చదవడం కన్నా పెద్ద అక్షరాల్లో విడి కాగితాల మీద చదవడం మేలు. అయితే తెలుగులో అదీ అంత తేలిక కాదు. నా పుస్తకం పేజ్‌మేకర్ అనే పేజీల కూర్పు సాఫ్ట్‌వేర్‌లో అను ఫాంట్లతో కూర్చినది, దాన్ని ఫోన్లలో, కంప్యూటర్లలో అంతటా చెల్లే యూనికోడ్‌లోకి మారిస్తే ఒత్తులు, గుణింతాలు అక్కడక్కడ తారుమారవుతాయి. అందుకని డీటీపీ చేసిన అబ్బాయినే అడిగి, అదే ఫైలులో ఆ పేజీల అక్షరాలను పెద్దవి చేయించి, కాగితానికి ఒక వైపే ప్రింటు తీయించాను. వాటి మీద పెన్సిలుతో ఊపిరి తీసుకోవలసిన చోటల్లా నిలువు గీత, గొంతు తగ్గించవలసిన చోట కింద గీత గీసుకున్నాను. ఫోనులో రికార్డు చేసి వింటే తెలిసింది, అచ్చు పుస్తకంలో ఒక పేజీ నింపాదిగా చదవడానికి నాకు సుమారు రెండున్నర నిమిషాలు పడుతుంది. రెండు భాగాలూ కలిపి ఇరవై నిమిషాలు దాటకుండా కత్తిరించుకున్నాను. పుస్తకంలో కంటికి బాగున్న వర్ణన వాక్యాలు కొన్ని గొంతుకు బరువయ్యాయి, చదివే ప్రతిలో వాటిని వదిలేశాను. యాస మాటల దగ్గర మాత్రం ఒక్క అక్షరం కూడా మార్చలేదు. అవి గట్టిగా చదివేకొద్దీ మా అమ్మమ్మ మాట తీరు నాకు స్పష్టంగా వినబడసాగింది.

షాపులో స్థలం సంగతి త్వరగానే తేలింది. మధ్యలోని రెండు బల్లలను గోడవారకు జరిపి, టెంట్ హౌస్ నుంచి కుర్చీలు తెప్పించాం. సముద్రపు ఉక్క వల్ల ఫ్యాన్లు ఆపడానికి లేదు, వాటి హోరు మీద గొంతు వినబడడానికి చిన్న మైకు పెట్టుకోక తప్పలేదు. చదివే మనిషి గుమ్మానికి ఎదురుగా కాకుండా వెనక గోడ వైపు కూర్చోవాలని మాస్టారు పట్టుబట్టారు. ఆలస్యంగా వచ్చేవాళ్లు శ్రోతల వెనక నుంచే వచ్చి కూర్చోవచ్చని ఆయన ఆలోచన, అది ఎంతో సరైనదని ఆ సాయంత్రం తేలింది.

మొదటి భాగం నేనే చదివాను. రెండో భాగానికి ముందు, శ్రోతల్లో ఎవరైనా వచ్చి చదువుతారా అని అడిగాను. ఈ ఆలోచన ముందునుంచీ మనసులో ఉన్నదే. వెనక వరసలో కూర్చున్న, ఆంధ్రా యూనివర్సిటీలో పీజీ చదువుతున్న అమ్మాయి లేచి వచ్చింది. కాగితం ఒకసారి పైనుంచి కిందకు చూసుకుని, తల్లి మాటలు మొదలుపెట్టింది: "నానేటి సెయ్యను, ఆడు ఎల్లిపోనాడు. బేగి రమ్మని సెప్పినాను, ఇన్నాడేటి?" నేను అదే వాక్యాన్ని ఇంట్లో సాధన చేసేటప్పుడు బాధగా, నెమ్మదిగా చదివేదాన్ని. ఆ అమ్మాయి విసురుగా, దాదాపు తిట్టినట్టు చదివింది. కొడుకు మీద బెంగను కోపంగా మార్చుకుంటే తప్ప ఆ తల్లికి గంప ఎత్తుకునే ఓపిక రాదని, అది రాసిన నాకు ఆ గొంతులో విన్నాకే పూర్తిగా అర్థమైంది. ముందు వరసలో ఒకామె "అవునమ్మా, అలాగే అంటారు" అని పైకే అంది.

మా గురువుగారు మాట నిలబెట్టుకుని మొదటి ప్రశ్న అడిగారు. పాత్రల మాటలు యాసలో ఉన్నాయి, కథ చెప్పే భాష మాత్రం పత్రికల భాషలా ఉంది, ఈ గీత ఎందుకు గీశావు అన్నారు. ఈ ఊళ్లోనే వకీలుగా పనిచేసిన కథకుడు రాచకొండ విశ్వనాథశాస్త్రి ఉత్తరాంధ్ర మాటకు అచ్చులో ఎంత చోటు ఇచ్చారో కూడా గుర్తుచేశారు. కథ చెబుతున్నది ఆ వీధి నుంచి చదువుకుని బయటికి వెళ్లిన మనిషి గనుక ఆ దూరం భాషలోనూ కనబడాలని రాశానని జవాబు చెప్పాను. ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు. అక్కడి నుంచి చర్చ శ్రోతల్లోకి పాకింది, స్టీల్‌ప్లాంట్ నుంచి వచ్చిన ఒకాయన, లెక్చరరు గారు ఆ విషయం మీదే చాలాసేపు వాదించుకున్నారు. హాలులో వరసగా సాగే ఉపన్యాసాల మధ్య ఇటువంటి మాటకు చోటు దొరకదు. చదివిన కథాభాగం అప్పుడే అందరి చెవిన పడింది గనుక, పుస్తకం చదవని వారు కూడా ఆ వాదనలో పాల్గొనగలిగారు.

ఏడున్నరకు ముగించి సంతకాలకు కూర్చున్నాను. బిల్లు అయ్యాకే సంతకం అని మాస్టారు ముందే చెప్పారు, అందువల్ల లెక్క తప్పే అవకాశం లేకపోయింది. పేరు ఎలా రాయాలో కొన్నవారినే చిన్న చీటీ మీద రాసివ్వమన్నాం. వచ్చినవారిలో సగానికి పైగా పుస్తకం కొన్నారు, కొందరు నా పుస్తకంతో పాటు వేరే కథల పుస్తకాలు కూడా తీసుకున్నారు, షాపుకు అదీ లాభమే. నెలాఖరున మాస్టారు చలాన్ పక్కన పెట్టుకుని లెక్క చూసి డబ్బు పంపించారు, మిగిలిన కాపీలు వెనక్కి ఇవ్వబోతే అక్కడే ఉంచమన్నాను. ఆ రోజు రాలేకపోయినవాళ్లు, వచ్చినవాళ్లు చెబితే విన్నవాళ్లు ఇప్పటికీ అడిగి తీసుకుంటున్నారని ఫోనులో చెబుతుంటారు.

మరో రచయితతో ఇటువంటి సాయంత్రమే ఏర్పాటు చేయాలని ఆయన అనుకుంటున్నారు. ఈసారి రచయితతో మాట్లాడే పని నన్ను చేయమన్నారు. శ్రోతల్లో ఒకరిచేత ఒక భాగం చదివించడం తప్పనిసరిగా ఉండాలన్న షరతు మీద ఒప్పుకున్నాను, రచయిత కూడా అందుకు సరేనన్నారు.