సౌండ్ ఒక్కటే చూసి సైలెన్సర్ కొనకండి

మొన్న నా 350 సీసీ బండికి సైలెన్సర్ కోసం విజయవాడ ఆటోనగర్ వెళ్లాను. షాపులో ఒకటి తీసి కంటికి ఆనించి చూస్తే లోపల ఏమీ లేదు, ఉత్త గొట్టం. ఇంకోదాంట్లో చిల్లుల పైపు, దాని చుట్టూ దట్టంగా గ్లాస్ ఊల్ (గాజు పీచు), చివర బోల్టు విప్పి తీసేలా డీబీ కిల్లర్ (సౌండ్ తగ్గించే చిన్న ముక్క) ఉన్నాయి. సౌండ్‌ని మెత్తబరిచేది ముఖ్యంగా ఆ ఊలే.

ఖాళీ గొట్టం పెడితే పికప్ పెరుగుతుందని చాలామంది గట్టిగా నమ్ముతారు గానీ, మామూలుగా కింది ఆర్‌పీఎంలో, అంటే ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు, లాగుడు తగ్గుతుంది, దానికి తగ్గట్టు ట్యూనింగ్ చేయించకపోతే పెట్రోల్ కంటే గాలి ఎక్కువై, యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా టపటపా పేలుతుంది. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో సెకండ్ గేర్‌లో పాకే మనకి కావలసింది ఆ కింది లాగుడే కదా!

ఇక చట్టం సంగతి. 175 సీసీ దాటిన బండికి కంపెనీ నుంచి వచ్చేటప్పుడు శబ్ద పరిమితి 80 డెసిబెల్స్. శబ్దకాలుష్యం కింద పట్టుకుంటే మొదటిసారే 10,000 రూపాయల దాకా జరిమానా, 3 నెలలు లైసెన్సు కూడా పోవచ్చు. అయినా జరిమానా కంటే నాకు ముఖ్యం, రాత్రి పది దాటాక మా సందులో పడుకున్న పసిపిల్లలు, పెద్దవాళ్లు.

అందుకే ఊల్ ఉన్నదే తీసుకున్నాను, పొగలోని విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ జోలికి పోలేదు, డీబీ కిల్లర్ తీయనివ్వలేదు. ప్రకాశం బ్యారేజీ మీద నెమ్మదిగా వెళ్తుంటే గంభీరంగా, నిండుగా వినిపిస్తోంది, అబ్బ! కొనేవాళ్లు ఊల్ మళ్లీ నింపించుకునే వీలుందో లేదో ముందే అడగండి, వాడేకొద్దీ అది కాలిపోయి సౌండ్ పెరుగుతుంది.